సరస్సు అడుగున చమురు



మన గాజువాక నుంచి మల్కాపురం వైపు వెళ్తూ చమురు శుద్ధి కర్మాగారం గొట్టాలూ, ట్యాంకులూ చూడనివారు వుండరు. 1957లో కాల్టెక్స్ వారి పేరున మొదలై, 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. అక్కడ శుద్ధి చేసే ముడిచమురు భూమిలో ఎలా వుంటుంది? నూతిలో నీళ్ళలా నిండి వుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రాతిలో వుంటుంది. తడి ఇసుకలో నీరు నిలిచినట్టు, ఇసుకరాతి సందుల్లో నిలుస్తుంది.

చమురు ఎక్కువగా పూర్వపు సముద్రాల అడుగున పుట్టింది. కొన్నిచోట్ల మాత్రం సరస్సుల అడుగున పుట్టింది. ఎలాగంటారా? మన కొల్లేరును తలచుకోండి. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసేచోట నీటి వేగం తగ్గి, బరువైన ఇసుక ముందు దిగుతుంది. సన్నని ఒండ్రు లోపలికి పోయి మెల్లగా పేరుకుంటుంది. సరస్సు బాగా లోతైనదైతే అడుగున గాలి ఆడదు. చచ్చిన నాచు కుళ్ళిపోకుండా బురదలో కలుస్తుంది. లక్షల, కోట్ల ఏళ్ళు పైన పొరలు పడి, భూగర్భం వేడికి మగ్గి, ఆ నాచే చమురవుతుంది. అంటే, చమురును కనేది బురద, దాచుకునేది ఇసుక.

అయితే సరస్సు నిలకడ లేనిది. వానలు పడితే పొంగి, ఒడ్డుదాకా బురద పరుస్తుంది. ఎండలు ముదిరితే ఇంకిపోయి, ఇసుక నడిమికి జరుగుతుంది. అందుకే ఒక బావిలో చమురు పడినా, కూతవేటు దూరంలో మరొకటి వట్టిపోవచ్చు. అది అదృష్టమూ కాదు, దగా కాదు. ఆనాటి సరస్సు గట్టు ఎక్కడుందన్నదే లెక్క.

రాజస్థాన్‌లోని బార్మేర్‌లో 2004లో మంగళ క్షేత్రం బయటపడింది. అక్కడి చమురు సుమారు 6 కోట్ల ఏళ్ళనాటి సరస్సు బురదలో పుట్టి, నదులు పరచిన ఇసుకరాతిలో చేరింది. ఆ సరస్సు రాతిలోనూ చమురుంది గాని, సందులు ఎన్ని వున్నా ఒకదాని నుంచి మరోదానికి దారి సన్నం. నీటి ఒత్తిడితో రాతిని చీల్చితే గాని సరిగా రాదు. పైగా ఈ చమురులో మైనం ఎక్కువ. చలికాలంలో నెయ్యిలా గడ్డకడుతుంది. అందుకే గొట్టాన్ని దారి పొడుగునా వేడిచేస్తూ గుజరాత్ తీరానికి పంపుతారు.

రాతిలో వున్నదంతా తోడలేం. తోడినదాన్ని మళ్ళీ నింపలేం. మన వంటగ్యాసు కూడా కొంతవరకు చమురు శుద్ధిలో వచ్చేదే. కాబట్టి పొయ్యి వెలిగించి పప్పు కడగడానికి కూర్చోకండి. కడిగి, తరిగి, అన్నీ దగ్గర పెట్టుకున్నాకే వెలిగించండి. కోట్ల ఏళ్ళు మగ్గినది క్షణంలో వృథా కావడం న్యాయం కాదు కదా!