ఇసుకలోని గుడ్లకు కావలి

మాఘమాసపు రాత్రులలో, ఊరెల్ల నిద్రించు వేళ, మన కోస్తా తీరమున కొందఱు మత్స్యకార యువకులు టార్చి వెలుగు తగ్గించుకొని తాబేటి జాడలు వెదకుచుందురు. ఆలివ్ రిడ్లీ తాబేలు ఒడ్డుకెక్కి, వెనుక కాళ్లతో గుంత త్రవ్వి, నూఱింటికి అటునిటుగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి కడలి చేరును. కుక్కలును నక్కలును పసిగట్టక ముందే, జీతమాశింపని యీ యువకులు, లోపలి పిండము నశింపకుండ గుడ్లను దొర్లింపక యెత్తి తెచ్చి, కంచెలోపల నంతే లోతున పూడ్చి కాచెదరు. పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది ఇసుక వేడిమియే. అది హెచ్చిన ఆడవి పుట్టును. సుమారు 50 దినములకు బొటనవ్రేలంత పిల్లలు పైకి వచ్చి వెలుతురువైపు పరుగిడును. వీథిదీపములవైపు దారి తప్పినవానిని వీరు దోసిట బట్టి, అలల అంచున మెల్లగా విడుతురు.