ఆదివారం పనికి రానన్న పేరయ్య

(శంషాబాద్‌లో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకొని వచ్చినోళ్లు ఇక్కడున్నారు. ఇంకో గంటలో డ్యూటీ ఎక్కాల్సినోళ్లూ ఉన్నారు. అందుకని పెద్ద ఉపన్యాసం ఇవ్వం. ఒక్క మనిషి గురించి చెప్తాం.

మన పల్లెల్లో చర్చి ఎట్లా వచ్చిందని అడిగితే దొరల పేర్లే చెప్తారు. మెదక్ అంటే పాస్నెట్ దొర, ఒంగోలు అంటే క్లౌ దొర. దొరలు చేసింది కాదనం. కానీ 1866 సెప్టెంబరులో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేనాటికే ఆ ప్రాంతంలో ఒక మాదిగాయన క్రీస్తు మాట చెప్పుకుంటూ పల్లె పల్లె తిరుగుతున్నాడు. ఆయన పేరు యర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్లకొండపాడు. తోళ్ల వ్యాపారం. ఆ వ్యాపారం మీదే ఏలూరు వైపు పోయి సువార్త విన్నాడు. అంతకు ముందు రాజయోగం నేర్చిన సాధకుడు. అంటే, దేవుడి గురించి అప్పటికే తండ్లాడుతున్న మనిషి. ఎవరో వచ్చి నిద్ర లేపితే లేచినవాడు కాదు.

ఇంకోమాట. పేరయ్య ఒక్కడే మారలేదు. 1866లోనే జ్యూయెట్ దొర చేతుల మీద పేరయ్య, ఆయన భార్య నాగమ్మ, ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. మన మీటింగులకు మనం ఆడోళ్లను ఇంటికాడ వంటకు వదిలిపెట్టి వస్తున్నాం గదా, అందుకని చెప్తున్నాం.

1867 జనవరి ఒకటిన ఒంగోలులో సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు పోతే, పేరయ్య పోగుచేసిన జనంలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మనల్ని 'గంజి కోసం కలిసినోళ్లు' అంటారు. గంజి కరువు వచ్చింది 1876-78లో. పేరయ్య వాళ్లు కలిసింది అంతకు పదేళ్ల ముందు. కరువులో బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్లు తవ్వే పని క్లౌ కాంట్రాక్టు పట్టి మనోళ్లకు కూలి ఇప్పించిన మాట నిజమే. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదన్న మాట కూడా అంతే నిజం. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్లల్లో దిగారు. కూలి అయిపోయినాక వచ్చిన జనం వాళ్లు. గంజి మాట అనేవాళ్లు ఈ తేదీలు చూసుకొని మాట్లాడాలి.

సరే, చేరినవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు ఏంటివి? ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. ఇవాళ వింటే పాస్టరుగారి బుద్ధులు లాగా ఉంటాయి. ఆనాటి ఊళ్లో పెట్టి చూడండి. మాదిగ అంటే ఊరికి చెప్పు కుట్టాలె, మోటకు తోలు బొక్కెన కుట్టాలె, చచ్చిన గొడ్డును ఈడ్వాలె, జాతరకు డప్పు కొట్టాలె. పిలిచినప్పుడు పోవాలె, రోజూ వారం లేదు. కళ్లంలో నాలుగు గింజలు పడేస్తే అదే కూలి. అట్లాంటి మనిషి 'ఇయ్యాల ఆదివారం, రాను' అన్నాడు. మొక్కను అంటే జాతరకు డప్పు మోగదు. చర్చికి పోవడం అంటే ఆ పూట ఆసామి పొలానికి పోకపోవడం. కరణాలు, మునసబులు ఊరుకుంటారా? నీళ్లు బంద్ చేశారు, గింజలు ఆపారు, కొట్టారు. మిషన్ పుస్తకాల్లోనే రాసి ఉంది. మనోళ్లు బైబిలు చదవడం వాళ్లకు అంత బాధ కాలేదు, పనికి రానన్నదే బాధ అయిందని మా అభిప్రాయం.

బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు 1890లో దక్కింది. ఫూలే సత్యశోధక సమాజ్ మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. మంచిది, ఆయనకు దండం పెడదాం. కానీ అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే యూనియన్ లేకుండా, జెండా లేకుండా, ఒంగోలు పల్లెల్లో మాదిగలు వారానికి ఒకరోజు తమదని చెప్పి దెబ్బలు తిన్నారు. కార్మిక చరిత్ర రాసేవాళ్ల కంటికి అది ఆనదు. చర్చి చరిత్ర రాసేవాళ్లకు అది దొరగారి మహిమ.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు తీసుకుంది. ఇమానాలకు ఆదివారం లేదు. కాబట్టి ఊడ్చేటోళ్లకు, సామాను ఎత్తేటోళ్లకు, కాపలా కాసేటోళ్లకు కూడా లేదు. వారానికో సెలవు చట్టంలో ఉంది. అది ఏ వారమో కాంట్రాక్టరు నోటిలో ఉంది. భార్య ఆదివారం పిల్లల్ని తీసుకొని చర్చికి పోతే మొగుడు డ్యూటీలో ఉంటాడు. ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చొని ఎన్ని నెలలైందో మీరే చెప్పండి.

ఇంకో దెబ్బ కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం చర్చికి పోయే మాదిగ, మాల ఎస్సీ కాదు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతే తీసేయమన్నది. తీయలేదు. మనకు ఇచ్చింది బీసీ-సీ, ఒక్క శాతం. చెప్పు కుట్టినన్నాళ్లు మాదిగ, ప్రార్థన చేయగానే కాదా? ఊరు మాత్రం మనల్ని మాదిగోళ్లనే పిలుస్తది. అందుకే మన పిల్లలకు సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. పేరయ్య దాచుకోని దాన్ని మనం దాచుకొని బతుకుతున్నాం. తప్పు మనది కాదు, ఆ పేరాది.

ఇంకో పని చెప్పి ముగిస్తాం. మీ మీ చర్చిల్లో శిలాఫలకాలు చూడండి. ప్రారంభించినాయన పేరుంటది, చందా పెద్దగా ఇచ్చినాయన పేరుంటది. ఆ పల్లెలో మొదట ఆదివారం పనికి రానని చెప్పిన మనిషి పేరు ఉండదు. ముసలోళ్లు ఇంకా ఉన్నారు. వచ్చే ఆదివారం ఎవరికి డ్యూటీ లేదో వాళ్లు ఒక నోటుబుక్కు పట్టుకొని పోయి అడగండి. ఆలుమగల పేర్లు రెండూ రాయండి.