కార్యాలయములలో ఎక్స్‌టెన్షన్ బోర్డు
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పాటలకును నాటికకును నడుమ ఈ విద్యుత్తు గోల యేల యని మీరనుకొనవచ్చును. కార్యదర్శిగారు నాకిచ్చినవి పది నిమిషములే. కావున ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డును గురించియే చెప్పెదను.

ఢిల్లీలో పుష్యమాసపు చలి యెట్టిదో మీకు తెలియును. కార్యాలయమునకు హీటరు వచ్చును. గోడ సాకెట్టు దూరము. కంప్యూటరుకని తెచ్చిన బోర్డు బల్లక్రిందనే యున్నది. హీటరు ప్లగ్గు లావుదగుటచే అందులో దూరదు. అది హెచ్చరిక. మనవారు దానిని అడ్డంకియనుకొని, బజారునుండి మార్పిడి ప్లగ్గు తెచ్చి దూర్చెదరు!

మన సరఫరా 230 వోల్టులు. చిన్న బోర్డు 6 ఆంపియరులది, అనగా 1380 వాట్లకు సరి. 2000 వాట్ల హీటరొక్కటియే 8.7 ఆంపియరులు లాగును. ప్రక్కన 1500 వాట్ల తేనీటి కెటిల్ చేరినచో మొత్తము 15 దాటును. బోర్డునకు రంధ్రములెన్ని యున్నను తీగ యొక్కటియే గదా! ప్రవాహము రెండింతలైనచో తీగలో పుట్టు వేడి నాలుగింతలగును. ఆ తీగను చుట్టగా నుంచినను, తివాచీ క్రింద దాచినను వేడికి వెలుపలికి దారి యుండదు.

"ఎం.సి.బి. యున్నది, అదే పడిపోవును" అని మా మిత్రులొకరు వాదించిరి. అది గోడలోని తీగలను కాపాడుటకు పెట్టినది. 16 ఆంపియరుల ఎం.సి.బి. 15కు పడదు, బల్లక్రింది సన్నని తీగ ఆ లోపలనే కాగిపోవును. బోర్డునకు బోర్డు, దానికి మరియొక బోర్డు తగిలించు ఉమ్మడి కుటుంబమునకును ఇదియే గతి.

ప్లగ్గు మూడవ కాలు పొడవుగా నుండుట అలంకారమునకు కాదు. ఎర్తు ముందుగా తగులుటకు. దానిని విరిచివేయుట, అగ్గిపుల్లలతో తీగలను సాకెట్టులో బిగించుట నేను పెక్కు గదులలో చూచితిని. ఉదయము మనకంటె ముందు వచ్చి తడిగుడ్డతో నేల తుడుచు మనిషిని తలచుకొనుడు. తొక్కుడుపడి చిట్లిన తీగ మొదట ఆమె చేతికే తగులును.

ప్లగ్గువద్ద గోధుమరంగు మచ్చగాని, కాలిన వాసనగాని తోచినచో ముందు గోడ స్విచ్చి ఆపుడు. మంట లేచినచో నీరు చల్లరాదు. కార్బన్ డయాక్సైడుదో, పొడిదో ఆర్పుడు సిలిండరు వాడవలెను. అది మీ వరండాలో ఎచ్చట వ్రేలాడుచున్నదో రేపు చూచుకొనుడు. హీటరుకు గోడలోనే 16 ఆంపియరుల సాకెట్టు కావలెనని విద్యుత్ విభాగమునకు చలి రాకమునుపే కాగితము పెట్టుడు.