కోచ్ బదిలీ అయితే ఛార్జి ఎవరికి?

(జాతీయ క్రీడా దినోత్సవం సందర్భంగా మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 29 హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జయంతి. ఆ సందర్భంగా ఆటల గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను ఆటగాణ్ణి కాను, ఫైళ్ల మధ్య సర్వీసు గడిపిన గుమాస్తాను. అందుచేత నాకు తెలిసిన దారిలోనే ఆటల్లోకి వస్తాను. ఆ దారి పేరు బదిలీ. 2016 అక్టోబరు 11న మనం మూడు జిల్లాల వాళ్లమయ్యాం గాని, సర్వీసు చేసింది మాత్రం ఒక్క వరంగల్ జిల్లాలోనే. బదిలీ అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఆటల్లోనూ బదిలీలున్నాయి. చిన్న బడిలో పిల్లలకు ఆట నేర్పిన మనిషికి పేరొస్తుంది. పెద్ద సంస్థ పిలుస్తుంది, ఆయన వెళ్తాడు. వెనకనున్న వాళ్లు "మమ్మల్ని వదిలేసి పోయిండు" అంటారు. ముందున్న వాళ్లు "మావాడు" అంటారు. వెళ్లడం తప్పా ఒప్పా అన్న వాదనకు అంతులేదు. వెళ్లేటప్పుడు ఛార్జి ఎవరికిచ్చాడు అన్నదే అసలు ప్రశ్న అని నా మనవి.

ఈ రాకపోకలు లెక్కలతో సహా కనబడేది అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో. మన సభ్యుల పిల్లలు చాలామంది అక్కడున్నారు, మనుమలు ఆ ఆట చూస్తూ పెరుగుతున్నారు. కనుక ఆ సంగతి కొంచెం చెబుతాను. బాస్కెట్‌బాల్ పుట్టిందే ఒక శిక్షణ పాఠశాలలో. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నేస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో గది లోపల ఆడేందుకు ఒక ఆట కావాలని, పీచ్ పండ్ల బుట్టలు కట్టించి, 13 నియమాలు రాసి దీన్ని తయారుచేశాడు. 1898లో ఆయన కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆటను కనిపెట్టిన ఆ పెద్దమనిషి అక్కడ కోచ్‌గా గెలిచినవి 55 ఆటలు, ఓడినవి 60. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ కాన్సస్ జట్టుకు కొన్నాళ్లు కోచ్‌గా ఉండి, తర్వాత 1912 నుంచి 1919 వరకు వారెన్స్‌బర్గ్‌లోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, మళ్లీ కాన్సస్‌కు వచ్చి 1956 వరకు ఉన్నాడు. పెద్ద చోటు నుంచి చిన్న చోటికి, అక్కడి నుంచి మళ్లీ పెద్ద చోటికి పోవడం నూరేళ్ల కిందటే ఉందన్నమాట.

ఈ కాలపు మాట చెప్పుకుందాం. 2015 ఏప్రిల్‌లో అమెరికా కాలేజీల ఫైనల్లో డ్యూక్, విస్కాన్సిన్ జట్లు తలపడ్డాయి. డ్యూక్ 68, విస్కాన్సిన్ 63. గెలిచిన జట్టు కోచ్ మైక్ షషెఫ్స్కీ. ఆయన 1975 నుంచి ఐదేళ్లు సైనిక అకాడమీ జట్టుకు కోచ్‌గా పనిచేసి వచ్చినవాడు. అక్కడ ఆఖరి ఏడు గెలిచినవి 9, ఓడినవి 17. అయినా 1980లో డ్యూక్ ఆయన్ను తీసుకుంది. మొదటి మూడేళ్లలో 38 గెలిచి 47 ఓడాడు. తీసేయలేదు, ఓపిక పట్టారు. 2022లో రిటైరయ్యేనాటికి ఐదుసార్లు జాతీయ విజేత. ఇక ఓడిన జట్టు కోచ్ బో రయాన్. ఆయన ప్లాట్‌విల్ అనే చిన్న ఊరి కాలేజీని మూడో శ్రేణి పోటీల్లో 1991, 1995, 1998, 1999 సంవత్సరాల్లో నాలుగుసార్లు విజేతను చేసినవాడు. తర్వాత మిల్వాకీ, అక్కడి నుంచి 2001లో విస్కాన్సిన్. దేశమంతా చూసిన ఆ ఆటలో అటూ ఇటూ ఉన్న ఇద్దరు గురువులూ పని నేర్చింది పేరులేని చోట్లలోనే.

ఇది పైకి వెళ్లినవాళ్ల వైపు కథ. వెనకనున్న వాళ్ల వైపు కూడా చూడాలి. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ ఉంది. 2022 మార్చిలో జాతీయ పోటీలో, ఒక్కో విభాగంలో 16 జట్లుంటే 15వ ర్యాంకుతో దిగి, కెంటకీ, ముర్రే స్టేట్, పర్డ్యూ జట్లను వరుసగా ఓడించింది. ఆ ర్యాంకుతో చివరి ఎనిమిదిలోకి వచ్చిన మొదటి జట్టు అదే. తర్వాత నార్త్ కరోలినా చేతిలో ఓడింది. కొద్ది రోజులకే కోచ్ షహీన్ హాలోవే, తాను చదువుకుని ఆడిన సీటన్ హాల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. ముఖ్యమైన ఆటగాళ్లు కూడా తలో కాలేజీకి పోయారు. గెలుపు వచ్చిన నెలలోనే జట్టు ఖాళీ. అయితే ఆ కాలేజీ తల పట్టుకుని కూర్చోలేదు. వాగ్నర్ అనే మరో చిన్న కాలేజీ నుంచి బషీర్ మేసన్‌ను తెచ్చుకుంది. 2024లో మళ్లీ జాతీయ పోటీకి అర్హత సంపాదించింది. మనిషి పోయినా సీటు ఖాళీగా ఉంచకపోతే పని నడుస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

అమెరికా సరే, మన దగ్గర ఏముంది అంటారా? మన హైదరాబాద్‌లోనే ఇంతకంటే పెద్ద కథ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టును చేపట్టారు. ఆ జట్టు ఆ ఏటి నుంచి వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన శిక్షణలో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం సాధించింది. బడి పంతులు దేశానికి కోచ్ అయ్యారు. అయినా గల్లీ మైదానాన్ని వదల్లేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం రోజూ హైదరాబాద్ వచ్చి ఆడే స్తోమత లేదంటే, సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రవాడే జకార్తా స్వర్ణ జట్టులో ఆడాడు.

జకార్తా నాటికే రహీం సాహెబ్‌కు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన తయారుచేసిన తరం ఇంకా ఆడుతుండగా 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఇంతవరకు ఆ ట్రోఫీ ఇటు తెలంగాణకు గాని, అటు ఆంధ్రప్రదేశ్‌కు గాని రాలేదు. దీనికి ఆయన లేకపోవడం ఒక్కటే కారణమనను. క్రికెట్ మోజు ఉంది, మైదానాలు పోయాయి, జట్లు పోషించే సంస్థలు తగ్గాయి. కాని అంతటి విద్య ఒక్క మనిషి తలలో ఉండి, ఆ మనిషితోనే పోతే, తర్వాత కూర్చున్నవాడు ఏ ఫైలు తెరవాలి?

ఇక మన వైపు రండి. మహబూబాబాద్‌కు దగ్గరలో, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే ఊరుంది. ఆ ఊరి అమ్మాయి వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో మన దేశం తరఫున పాల్గొన్నది. అదే ఊరి జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఒక్క పల్లెటూరికి ఇద్దరు. ఊరి బడిలో దీప్తి పరుగును కనిపెట్టింది అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత హైదరాబాద్‌లో పెద్ద శిక్షకుల చేతికి వెళ్లింది. ఇక్కడ కదిలింది గురువు కాదు, శిష్యురాలు. కింది మెట్టు మీదివాడు గుర్తించాడు, పై మెట్టు మీదివాడు అందుకున్నాడు. ఛార్జి అప్పగింత సవ్యంగా జరిగితే ఫలితం ఇలా ఉంటుంది.

సవ్యంగా జరగని సంగతి కూడా ఒకటి చెప్పాలి. బడి పేరు, ఊరు పేరు చెప్పను. సర్వీసులో ఉండగా ఒక వ్యాయామ ఉపాధ్యాయుని బదిలీ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఆయన ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పి జిల్లా పోటీల్లో నెగ్గించినవాడు. పట్నంలో పెద్ద సంస్థ ఆయన్ను డిప్యుటేషన్‌పై అడిగింది. న్యాయమైన ఉన్నతి. రిలీవింగ్ ఆర్డరు, ఎల్.పి.సి., సర్వీసు రిజిస్టరు అన్నీ వేళకు వెళ్లాయి. ఆయన ఇచ్చిన ఛార్జి లిస్టు ఇప్పటికీ గుర్తుంది. బాస్కెట్‌బాళ్లు 4, అందులో పనికిరానివి 2. వలలు 2. ఈల 1. గాలి పంపు 1. సంతకాలు సరిగ్గా ఉన్నాయి, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాదు.

ఆయన స్థానంలో వచ్చిన మాస్టారు కబడ్డీ మనిషి, మంచివాడే. ఈ జట్టులో ఎవరు ఏ చోట ఆడతారో, ఎవరి మోకాలికి దెబ్బ తగిలి ఉందో, ఎవరిని ఇంట్లో బతిమాలి పంపించుకోవాలో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఆరు నెలల్లో కోర్టులో గడ్డి మొలిచింది. అన్నిటికంటే బాగా ఆడే పిల్ల పదో తరగతితో ఆట మానేసింది. పాత మాస్టారు పట్నం నుంచి ఆ పిల్ల కోసం ఎవరికైనా ఉత్తరం రాద్దామన్నా, ఎవరికి రాయాలి? గాలి పంపు లెక్కకు వచ్చింది గాని, ఆ పిల్ల లెక్కకు రాలేదు.

మిత్రులారా, బంతులు మళ్లీ కొనవచ్చు. పిల్లల వయసు మళ్లీ రాదు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకు ఒక్క ఏడు పోతే ఆ పిల్లకు ఆటే పోయినట్టు. మహబూబాబాద్, భూపాలపల్లి ఏజెన్సీ గూడేల నుంచి ఆశ్రమ పాఠశాలలకు వచ్చిన పిల్లల సంగతి మరీ ఆలోచించండి. తల్లిదండ్రులు దూరం. ఆట విషయంలో ఆ పిల్లకు దిక్కు ఆ ఒక్క సారే. ఆయన పోతే పిల్ల తరఫున మాట్లాడేందుకు మనిషి ఉండడు.

అలాగని సార్లను కదలనీయవద్దా? ఆ మాట నేను అనను. రిలీవ్ చేయకుండా ఆపితే ఎంత ఉసూరుమంటుందో మనకు తెలుసు. మనసు లేని మనిషి కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అంతే. పెద్ద చోటికి వెళ్లే ఆశ లేకపోతే చిన్న చోటికి చురుకైనవాడు రాడు. వెళ్లనివ్వాలి, శాలువా కప్పి పంపాలి. కాని ఛార్జి తీసుకుని పంపాలి.

అందుకని సంఘం ముందు మూడు సూచనలు ఉంచుతున్నాను. ఖర్చు పెద్దగా లేదు.

మొదటిది. మన మూడు పట్టణాల్లో ఇష్టపడిన ప్రతి బడిలో ఒక క్రీడా ఛార్జి పుస్తకం ఉండాలి. ప్రతి ఆటగాడికి, ఆటగత్తెకు ఒక పేజీ. ఏ ఆట, ఏ చోటు, ఏ చేతివాటం, తేదీతో సహా కొలిచిన పరుగు లేక దూకు, తగిలిన దెబ్బలు, ఇంటి పరిస్థితి, తర్వాత ఏ పోటీకి, ఎవరి దగ్గరికి పంపాలి. పుస్తకం ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉండాలి. పిల్లల వివరాలు బయటికి పోకూడదు. రాసిపెట్టే పని మనది. సార్లకు రాసే తీరిక ఉండదు. మనకు తీరికా ఉంది, రిజిస్టరు రాసే అలవాటూ ఉంది. వారానికి ఒక సాయంత్రం వెళ్లి, ఆయన చెబుతుంటే మనం రాద్దాం.

రెండవది. వెళ్లే సారు, వచ్చే సారు ఒక్క పూట కలిసి మైదానంలో నిలబడేలా చూడాలి. ఆర్డర్ల తేదీలు కలవకపోతే ఫోన్లోనైనా మాట్లాడించాలి. ఆ పూట చాయ్ ఖర్చు సంఘం భరిస్తుందని అధ్యక్షులవారి అనుమతితో చెబుతున్నాను.

మూడవది. పైకి వెళ్లినవాళ్లను ఏడాదికి రెండు రోజులు వెనక్కి పిలవాలి. దసరా సెలవుల్లో ఎలాగూ ఊరికొస్తారు. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులు మన సభ్యుల్లోనే ఉన్నారు. ఫాగ్ అలెన్ పెద్ద జట్టును చూసి వచ్చి చిన్న కాలేజీలో ఏడేళ్లు పనిచేశాడు. మనవాళ్లు ఏడు రోజులు ఇవ్వలేరా? కాళ్లు సహకరించకపోతే కుర్చీలో కూర్చునైనా చెప్పవచ్చు.

మనం ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్లు ఛార్జి ఇవ్వకుండా ఎవరినీ ఊరు దాటనీయలేదు. పేపర్ వెయిట్‌కు కూడా సంతకం తీసుకున్నాం. ఆ పట్టుదలను ఇప్పుడు పిల్లల కోసం వాడదాం. వచ్చే నెల సమావేశానికి మూడు పట్టణాల నుంచి ఇద్దరేసి సభ్యులు పేర్లివ్వాలని కోరుతున్నాను. జనగామ నుంచి మొదటి పేరు నాది రాసుకోండి.