పరాయి ఇంటిలో ఒక సంవత్సరము
(కొండగట్టు ప్రాంత యువజనుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



గడచిన నూరేండ్లను గూర్చి చెప్పుటకు మాకంటె పెద్దలు ఉన్నారు. మాకు ఇచ్చిన అంశము వేరు. కాలేజి చదువులో పడుటకు ముందు, ఒక సంవత్సరము పరదేశములో విద్యార్థిగా ఉండి వచ్చుట. ఈ మాట చదువగానే వెనుక కూర్చున్న తల్లులు కొందరు నవ్వినారు. ఆ నవ్వు మాకు అర్థమైనది. ఈ కొండ చుట్టుపట్ల ఊళ్ళలో పరదేశమనగా దుబాయి, మస్కట్, సౌదీ. అప్పు తెచ్చి, ఏజెంటుకు కట్టి, పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, మిత్తి తీరువరకు అక్కడనే ఉండుట. తండ్రి ముఖమును ఫోనులోనే ఎరిగిన పిల్లలు మా ఆదివారపు బడిలో ఎందరో ఉన్నారు. సంపాదనకు గాక, ఊరకనే ఎవరి ఇంట్లోనో ఏడాది ఉండి వచ్చుటకు విమానమెక్కే వారుందురా అని ఆ తల్లుల నవ్వు.

ఉన్నారు. 1947లో ఏ.ఎఫ్.ఎస్. అను సంస్థవారు పది దేశముల నుండి యాభై ఇద్దరు విద్యార్థులను అమెరికాకు తీసికొనిపోయినారు. ఆ సంస్థవారు రెండు ప్రపంచ యుద్ధములలోను క్షతగాత్రులను అంబులెన్సులలో మోసిన స్వచ్ఛంద సేవకులు. 1949లో బ్రెద్రెన్ సంఘమువారు యాభైమంది జర్మను యువజనులను అమెరికా ఇండ్లకు పిలిపించినారు. నాలుగేండ్ల క్రిందట శత్రువులు! ఆ ఏర్పాటే తరువాత అంతర్జాతీయ క్రైస్తవ యువజన మార్పిడి సంస్థ అయినది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2002లో, కెన్నెడీ, లూగర్ అను ఇద్దరు సెనేటర్ల పేర మరియొక పథకము వచ్చినది. ముస్లిములు ఎక్కువగా నివసించు దేశముల పిల్లలకని దానిని మొదలుపెట్టినారు. మన దేశమును అందులో చేరినది. మన తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులముల పిల్లలును ఎన్నికై పోయి వచ్చినారు. ఇవన్నియు రక్తపాతము వెంబడి పుట్టినవేనని మీరు గమనించి యుందురు. అంతకంటె చరిత్ర నేడు చెప్పము.

మా సంఘములోని ఒక బిడ్డ సంగతి చెప్పెదము. తల్లి బీడీలు చుట్టును. తండ్రి గల్ఫులో ఉండెను. ఇంటరు మొదటి సంవత్సరములో ఉండగా ఆ బిడ్డ అమెరికాకు ఎన్నికైనది. తల్లి కాగితములు కొంగులో చుట్టుకొని మా ఇంటికి వచ్చినది.

"అయ్యగారూ, ఆడిపిల్లను గంత దూరం ఎట్ల పంపాలె? ఆళ్ళెవలో, ఏం పెడ్తరో. నేనైతే సంతకం పెట్ట."

ఇక్కడ మా తప్పు ఒప్పుకొనవలెను. మేము ధైర్యము చెప్పలేదు. "ఏడాది పాడైతది గదమ్మా" అన్నాము. అక్కడి చదువు ఇక్కడ ఇంటరు లెక్కలోనికి రాదు, తోటివారు ముందుకు పోదురు, నాచుపల్లిలో, ఈ కొండ క్రిందనే, 2007 నుండి ఇంజనీరింగు కాలేజి ఉన్నది, ఏమి తక్కువ అన్నాము. వేదాంత కళాశాలలో చదివిన మాకును సంవత్సరమనగా మార్కుల లెక్కయే అయినది. సంతకము పెట్టించినది మేము కాదు, గల్ఫులోని తండ్రి. ఫోనులో ఆయన అడిగినది ఒకటే: "అప్పెంత?" అప్పు లేదు. విమానపు ఖర్చు, భీమా, చేతి ఖర్చు పథకమువారివే. బిడ్డను ఉంచుకొను కుటుంబమునకు ఒక్క డాలరును ముట్టదు. ఏ ఊరికి పంపుదురో, ఎవరింట ఉంచుదురో మనము కోరుకొనుటకు లేదు. సంవత్సరము కాగానే తిరిగి రావలెను. "అప్పు లేకుండ పోయి, వాపసు వచ్చుడంటే, పోనియ్యి" అన్నాడు ఆయన. పంపుట అంటే ఏమో మాకంటె ఆయనకే బాగుగ తెలియును.

2019 ఆగస్టులో అయోవా రాష్ట్రములో ఒక చిన్న ఊరికి చేరినది. మొదటి వారమంతయు ఏడ్చినదట. ఒక దినము కారులో పోవుచు మక్క చేను చూచి, "మాకును మక్క పండుతది" అన్నదట. ఆ ఇంటివారితో తనంతట తానుగా మాట్లాడిన మొదటి మాట అదే. వారు తమ కుట్టుపని గదిని ఖాళీ చేసి, మంచము, బల్ల, కుర్చీ, దీపము పెట్టి యిచ్చినారు. ఆ ఫోటో చూడగానే మాకు ఎలీషాకు మేడగది కట్టించిన షూనేమీయురాలు జ్ఞాపకము వచ్చినది.

నవంబరులో బడిలో తన ఊరిని గూర్చి చెప్పుమన్నారు. కొండగట్టు అంజన్న గుడి, మంగళ శనివారముల రద్దీ, హనుమజ్జయంతికి కాలినడకన వచ్చు దీక్షాపరులు, దారి పొడుగున ఊళ్ళవారు పట్టు చల్ల, మంచినీళ్ళు, ఇవన్నియు చెప్పినది. పాస్టరు సంఘపు బిడ్డ గుడిని గూర్చి చెప్పెనా అని ఒకరు మమ్ములను అడిగినారు. ఊరిని గూర్చి అడిగినప్పుడు మరి ఏమి చెప్పును? చివరకు, మా అమ్మ బీడీలు చుట్టును అని చెప్పినదట. ఇక్కడి బడిలో ఆ మాట ఎన్నడును పైకి చెప్పలేదు.

ఏడాది నిండలేదు. కరోనా వలన 2020 మార్చిలో పిల్లలందరిని వెనుకకు పంపినారు. మన దేశమునకు విమానములు నిలిచిపోవుటకు కొద్ది దినముల ముందు ఇల్లు చేరినది. ఆ తరువాత జరిగినది చెప్పుటకే మేము ఇక్కడ నిలుచున్నాము. పదునాలుగు దినములు ఇంటిలోనే ఉండవలెనన్నారు, అది న్యాయమే. గాని ఆ వాడకట్టు తల్లితో మాటలు మానినది. పాలవాడు రాలేదు. బీడీ ఆకు తెచ్చి ఇచ్చువారు లేరు. ఏ పరిచయము లేనివారు ఆ బిడ్డకు గది ఖాళీ చేసి యిచ్చినారు, పుట్టిన ఊరు వాకిలి మూసినది. మేమును గేటు బయట నిలిచి ప్రార్థన చేసి, బియ్యపు సంచి అక్కడనే పెట్టి వెనుదిరిగినాము. కిటికీలో నుండి బిడ్డ "అయ్యగారూ, మీరు బాగున్నరా?" అని అడిగినది. దూరము పాటించుట తప్పు కాదు. మేము తొందరగా నడిచినాము, అది తప్పు.

ఆ వేళనే తండ్రి గల్ఫులో ఒక గదిలో పదిమందితో చిక్కుపడి యుండెను. రాత్రులు ఆయనకు ఫోనుచేసి, ఒంటరిగా ఎట్లుండవలెనో ఈ బిడ్డయే చెప్పినదట. పరాయి ఇంటిలో అది నేర్చుకొని వచ్చినది గదా.

తరువాత ఇంటరు రెండవ సంవత్సరము చదివినది, ఆ నాచుపల్లి కాలేజిలోనే చేరినది. తోటివారికంటె ఒక సంవత్సరము వెనుక. ఆ సంవత్సరము సంగతి ఇప్పుడు ఎవరును అడుగుట లేదు.

తండ్రి వచ్చి ఇంటికి ఒక గది వేసినాడు. ఇంకను గిలాబు కాలేదు. మొన్న క్రిస్మసునాడు ఆ అమెరికా తల్లి ఫోనుచేసి, ఒకసారి మీ ఊరు చూడవలెనన్నదట. మరునాడే ఈ తల్లి మా ఇంటికి వచ్చినది.

"అయ్యగారూ, గా అక్క వస్తే కొత్త అర్రల మంచమేస్త. కుర్చీ, బల్ల మాత్రం మందిరంలకెల్లి ఇస్తరా?"

ఇచ్చెదమని చెప్పినాము.