చెప్పక గడప దాటు పనిముట్టు

కంప్యూటరుచేత పని చేయించుటకై మనుష్యులు కల్పించుకొనిన భాషలు పెక్కు గలవు. వానిలో గో యనునది యొకటి. గూగులు సంస్థవారు దానిని 2009లో లోకమునకు వెల్లడించిరి. నేను వ్యాకరణము చదివి బడిలో పాఠములు చెప్పినవాడను. ఈ విద్య నా వృత్తి కాదు. అయినను మన పల్లెల బిడ్డలనేకులు హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రముల కావల అమెరికాలోను ఇట్టి భాషలనే నమ్ముకొని జీవించుచున్నారు గనుక, ఇందలి మంచిచెడ్డలను పెద్దలు తెలిసికొనుట యుక్తము.

ఈ భాషలో గ్రంథము వ్రాయువాడు సమస్తమును తానే వ్రాయడు. ఇతరులు వ్రాసియుంచిన భాగములను తెచ్చి చేర్చుకొనును. వ్యాఖ్యాత నిఘంటువును, నిఘంటుకర్త పూర్వపు నిఘంటువును ఆశ్రయించినట్లు, ఆ భాగములు మఱికొన్నిటిని ఆశ్రయించును. వానినన్నిటిని వెదకి సమకూర్చుటకు ఒక పనిముట్టు గలదు. గ్రంథమును సిద్ధము చేయుమన్నంతనే, తనయొద్ద లేనివానికై అది ఇంటర్నెట్టు మార్గమున బయటికి పోవును. 2019లో 1.13వ కూర్పు వెలువడినది మొదలు, వేఱుగా చెప్పనిచో, అది ముందుగా గూగులువారు నడపు భాండాగారమునే అడుగును. 2023లో వచ్చిన 1.21వ కూర్పు మఱియొక యడుగు వేసినది. చేపట్టిన గ్రంథము ఇంకను క్రొత్త గో కావలెనని కోరినచో, పనిముట్టు ఆ క్రొత్త గోను సైతము తానే దింపుకొనును.

ఇందు మేలు లేకపోలేదు. 2016 మార్చిలో జావాస్క్రిప్టు లోకమున లెఫ్ట్‌ప్యాడ్ అను పదునొకండు పంక్తుల భాగమును కర్త ఉపసంహరించుకొనగా, దాని నాశ్రయించిన గ్రంథము లెన్నియో నిలిచిపోయెను. భాండాగారమున ప్రతి యున్నచో అట్టి చిక్కు తగ్గును. తెచ్చినది మార్పునకు లోనైనదో కాదో సరిచూచు ఏర్పాటును గలదు.

మఱి దోష మెక్కడ? అడుగుటయే యొక సమాచారము. ఒక సంస్థవారు తమ లోపలి భాగమునకు రహస్యముగా పెట్టుకొన్న పేరును, కట్టడి చేయనిచో, పనిముట్టు బయటి భాండాగారమున విచారించును. వస్తువు బయటికి పోకున్నను పేరు పోవును. ఇంటిగుట్టు లంకకు చేటు గదా! ఇక ఇంటర్నెట్టు లేని చోట, కావలసినది ముందుగా తెచ్చుకొననివాని పని నడుమ నాగిపోవును.

దీనికి మందు గలదు. గోప్రైవేట్ అను అమరికలో రహస్యనామములను వ్రాసినచో, వానికై ఆ భాండాగారము నడుగదు. గోటూల్‌చైన్‌ను లోకల్ అని యుంచినచో క్రొత్త గోను దింపక, ఉన్నదానితోనే పనిచేయును. కావలసిన భాగములను ముందే తెచ్చి, గ్రంథముతో కూడ వెండర్ అను అరలో భద్రపఱచుకొనవచ్చును. అయితే ఈ తాళములు తెలిసినవానికే తాళములు. తెలియనివాని తలుపు తెఱచియే యుండును.

నా అభిప్రాయ మిది. గడప దాటుటకు ముందు యజమానితో ఒక మాట చెప్పుట సేవకుని ధర్మము. చెప్పక పోవుట అలవాటై, ఆపు ఉపాయమును యజమానియే వెదకికొనవలసివచ్చుట తగదు. మీ యింటి బిడ్డ ఈ వృత్తిలో నున్నచో, సెలవులకు వచ్చినపుడు అడుగుడు: “నాయనా, నీ పనిముట్టు నీకు చెప్పకుండ ఎక్కడెక్కడికి పోవుచున్నదో ఎఱుగుదువా?”