ఉక్కు కడ్డీ పలికించిన స్వింగ్



గోటువాద్యం విన్నవారికి దాని విశేషం తెలుసు. ఆ వాద్యానికి మెట్లు ఉండవు. తంత్రులపై కొయ్య ముక్కను జరుపుతూ వాయిస్తే, నాదం తెగకుండా ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారుతుంది. ఇటువంటి వాదన విధానమే పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో, పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో గిటారుపై రూపుదిద్దుకున్నది. ఆ వాద్యానికి స్టీల్ గిటార్ అని పేరు. ఆ పేరులోని ఉక్కు గిటారు దేహానికి సంబంధించినది కాదు. వాద్యకారుని ఎడమచేతిలోని కడ్డీకి సంబంధించినది.

1874లో ఓఅహు దీవిలోని లాయియె గ్రామంలో జన్మించిన జోసెఫ్ కెకూకు ఈ విధానానికి ఆద్యులుగా ప్రసిద్ధులు. గిటారును ఒడిలో వెల్లకిలా ఉంచి, తంత్రులను ఎత్తు చేసి, వాటిపై కడ్డీని జార్చే పద్ధతిని ఆయన తీర్చిదిద్దారు. 1893లో హవాయి రాజ్యం కూలద్రోయబడినది. 1898లో ఆ దీవులను అమెరికా తనలో కలుపుకొన్నది. 1904లో కెకూకు అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లి అనేక నగరాలలో కచేరీలు చేశారు. 1932లో న్యూజెర్సీ రాష్ట్రంలో కన్నుమూశారు. స్వదేశం స్వాతంత్ర్యం కోల్పోయిన కాలంలోనే, ఆ దేశపు నాదం ఖండాంతరాలకు పయనించినది.

ఆ నాదాన్ని జాజ్ సంగీతంతో జోడించిన వారిలో అగ్రగణ్యులు సోల్ హోపీ. ఆయన 1902లో హొనొలూలూలో జన్మించి, యౌవనంలో కాలిఫోర్నియా చేరారు. 1920, 1930 దశకాలలో ఆయన ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు అనంతర కాలంలో ‘మాస్టర్ ఆఫ్ ది హవాయియన్ గిటార్’ అనే శీర్షికతో ఆల్బమ్‌లుగా వెలువడినాయి. ఒక్కొక్క రచన నిడివి సుమారు మూడు నిమిషాలు. ఆ స్వల్ప వ్యవధిలో జరిగే కార్యాన్ని గ్రహించాలంటే రెండు సంగతులు తెలియాలి.

మొదటిది లయ. జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల సృష్టి. అందులో 1930 దశకంలో విశేష ప్రాచుర్యం పొందిన రూపం స్వింగ్. ఈ మాటకు ఊగడమని అర్థం. ఒక అక్షరకాలాన్ని రెండు సమభాగాలుగా విభజించక, మొదటి భాగాన్ని కొంత సాగదీసి, రెండవ దానిని కుదించి పలకడంలో ఆ ఊపు ఉన్నది. చతురశ్రంలో నడిచే పాటలో తిశ్రగతి ఛాయ తొంగిచూసినట్లు ఉంటుంది. స్వింగ్ అనే పేరు దేశమంతటా మారుమ్రోగక పూర్వమే హోపీ వాదనలో ఈ ఊపు వినిపిస్తుంది.

రెండవది వాద్యపు పరిమితి. 1950 దశకంలో పెడల్ స్టీల్ గిటార్ ప్రచారంలోకి వచ్చినది. కాలితో పెడల్ నొక్కితే తంత్రి శ్రుతి మారుతుంది. కొత్త స్వర సమ్మేళనం సిద్ధిస్తుంది. హోపీ వాద్యానికి ఆ సౌకర్యం లేదు. కడ్డీని తిన్నగా ఉంచినంత వరకు, తంత్రులు ఏ శ్రుతిలో అమరి ఉన్నాయో ఆ ఒక్క సమ్మేళనమే పైకీ క్రిందికీ కదులుతుంది. జాజ్‌కు మాత్రం క్షణక్షణం మారే అనేక సమ్మేళనాలు కావాలి. అందుచేత వాద్యకారుడు కడ్డీని ఏటవాలుగా త్రిప్పి, రెండు మూడు తంత్రులను మాత్రమే మీటుతాడు. పలకని స్వరాన్ని వినేవారి చెవి పూరించుకుంటుంది. ఆల్బమ్ వినేటప్పుడు వేగానికి అబ్బురపడి ఊరుకోక, ఈ పొదుపును గమనించాలి.

ఆనాటి అమెరికన్ శ్రోతలలో పలువురు హవాయి కళాకారుల నుండి కోరినది పూలదండలు, సముద్రతీరం, తీయని రాగాలు. ఆ అలంకరణ మధ్యనే హోపీ ‘ఫేర్‌వెల్ బ్లూస్’ వంటి జాజ్ రచనలను వాయించి, తమ జాతి విద్వత్తును చాటారు. 1935లో టెక్సాస్ వాద్యబృంద సభ్యుడైన బాబ్ డన్, విద్యుత్ స్టీల్ గిటారుపై ట్రాంబోన్ ధోరణిలో స్వింగ్ వాయించి రికార్డు చేశారు. ఆ విధంగా హవాయి వారి చేతివాటం, నల్లజాతి వారి లయ, టెక్సాస్ పల్లెల నాట్యగీతాలు ఒక్కచోట కలిసినాయి. ఏదీ తన యాసను విడువలేదు.

ఈ పయనంలో మన దేశానికీ పాలున్నది. 1940 దశకంలో హవాయి కళాకారులు టావ్ మో దంపతులు కలకత్తాలో నివసించి, ఆ వాద్యానికి అక్కడ ఆదరణ కల్పించారు. తదుపరి బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిపై హిందూస్థానీ రాగాలను పలికించారు. 1994లో విశ్వమోహన్ భట్, అమెరికన్ కళాకారుడు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం అందుకున్నారు.

సంగీతాల కలయికను కొనియాడేటప్పుడు ఒక ప్రమాదం ఉన్నది: అందరిదీ అన్న మాటతో మొదట ఇచ్చినవారి పేరు మరుగున పడవచ్చు. కెకూకు పేరు ఎరుగని గిటారు విద్యార్థులు నేటికీ ఎందరో. స్వీకరించిన దానిని తనదిగా వాయించడం, ఇచ్చినవారిని పేరుపేరునా స్మరించడం, ఈ రెండూ ఒకే వినయానికి చెందినవి. ఆ మూడు నిమిషాల రికార్డును తీరికగా, రెండుమార్లు వినండి. మొదటిసారి ఊపు వినిపిస్తుంది. రెండవసారి, ఆ ఉక్కు కడ్డీ వెనుక ఉన్న మనుషులు వినిపిస్తారు.